వేన్నీళ్ళ తొట్టి

జెనీఫర్ మంచం అంచున నిటారుగా కూర్చుని కాలు ముందుకి చాపింది. ఆనందకుమారి నేలమీద చతికిలబడి, కోడలి కాలిని ఒళ్ళోకి తీసుకుని సాక్సు తొడిగింది. మడమ దగ్గర వంకర పోతే మళ్ళీ లాగి సరిచేసింది. తర్వాత రెండో కాలు. బయట జనవరి పొగమంచు కిటికీ అద్దానికి తడిగుడ్డలా అంటుకుని ఉంది.

“మీరిట్లా నా కాళ్ళు పట్టుకుంటుంటే సిగ్గేస్తుంది అత్తయ్యా.”

“ఆస్పత్రిలో ఎంతమంది ముసలాళ్ళకి నువ్వు తొడగలేదు? వాళ్ళు సిగ్గుపడ్డారా ఏంటి?”

“వాళ్ళు తిట్టేవాళ్ళు, సరిగ్గా తొడగలేదని.”

“మరి నేను తొడిగింది బాగుందా లేదా? తిట్టాలంటే ఇప్పుడే తిట్టు, పొయ్యిమీద పాలున్నాయి.”

జెనీఫర్ నవ్వబోయి నడుం పట్టుకుంది. దసరా రోజుల్లో వార్డులో, మంచం మీంచి జారిపోతున్న పేషెంటుని ఒక్కతే పట్టి నిలబెట్టినప్పటి నుంచి ఆ నడుం ఆమె మాట వినడం మానేసింది. నర్సుగా నడిచి తిరగాల్సిన మనిషి కుర్చీలో కూర్చుని రాతపని చేసి వస్తోంది. రోజూ వేన్నీళ్ళలో దిగి కాసేపు నడుమూ కాళ్ళూ ఆడిస్తే తప్ప ఇది లొంగదని ఫిజియోథెరపీ ఆయన చెప్పాడు. చలికాలం ఈతకొలనులు మూసేస్తారు. తెరిచి ఉన్న ఒక్కదానికీ వెళ్ళాలంటే గుర్గావ్ ట్రాఫిక్‌లో కూర్చోలేక ఉన్న నడుం కాస్తా పోతుంది. అందుకని ఆమె భర్త స్టీవ్, పాలం విహార్‌లోని తమ ఇంటి టెర్రస్ మీదే హాట్ టబ్, అంటే వేన్నీళ్ళ తొట్టి, పెట్టిస్తానన్నాడు. పై అంతస్తు తమదే, అది సగం మేరే కట్టారు; నాలుగు మెట్లెక్కితే మిగతా సగం కింది వాటా కప్పుమీది టెర్రస్, అదీ తమదే.

ఆ మాట విన్న రోజునుంచి ఆనందకుమారికి భయాలు పట్టుకున్నాయి. ముందు కరెంటు గుర్తొచ్చింది. తర్వాత బరువు. తర్వాత మూత తీసి ఉంటే ఎవరన్నా పడిపోవడం, దోమలు, డెంగ్యూ. ఒక భయం పూర్తయ్యేలోగా ఇంకోటి వచ్చి దాని పక్కన కూర్చునేది.

స్టీవ్ బ్రెడ్డుముక్క నములుతూ, ఫోను చూసుకుంటూ గదిలోకొచ్చాడు. “మమ్మీ, శనివార్ కో త్యాగీజీ ఆయేంగే. ఇంజినీర్. ఆప్ బస్ సైన్ కర్ దేనా.”

ఢిల్లీలో పుట్టిన కొడుకు. తల్లి తెలుగులో అడుగుతుంది, కొడుకు హిందీలో జవాబు చెబుతాడు. ఇన్నేళ్ళుగా ఎవరి భాష వాళ్ళు వదల్లేదు. ఇల్లు ఆమె పేరున ఉంది. చనిపోయిన భర్త యేసుదానం పట్టుబట్టి అలా రాయించాడు. కాబట్టి కాలనీ సొసైటీ అనుమతికైనా, కరెంటు ఆఫీసుకైనా, టెర్రస్ బరువు మోస్తుందని ఇంజినీరు ఇచ్చే సర్టిఫికెట్‌కైనా ఆమె సంతకం లేనిదే పని జరగదు.

“సంతకానికేముందిరా, పెడతాను. ఆయన పైకెక్కి చూస్తాడా?”

“దేఖేంగే, దేఖేంగే.”

“కోతులు వచ్చి అందులో పడితే?”

“ఉన్‌కే లియే భీ టవల్ రఖ్ దేంగే,” అని స్టీవ్ వెళ్ళిపోయాడు. కోతులకి కూడా తువ్వాలు పెడతాడట. ఆనందకుమారి పాలగిన్నె దించుతూ, దేవా, వీడి వెటకారం వీణ్ణి కాపాడుతుందా అనుకుంది.

సాయంత్రం ఆమె పీటమీద కూర్చుని బఠానీలు ఒలుస్తుంటే, జెనీఫర్ మంచం మీద పడుకుని తొట్టి కంపెనీవాళ్ళ పుస్తకం చదివి తెలుగులో చెప్పింది.

“ఒంటరిగా దిగకూడదు.”

“మంచి మాట.”

“నలభై డిగ్రీలు మించి వేడి పెట్టకూడదు. వాడనప్పుడు మూతేసి తాళం పెట్టాలి, పిల్లలు పడకుండా.”

“కోతుల మాట రాశారా?”

“రాయలేదత్తయ్యా.”

“రాయాల్సింది. చూడు, బయటి దేశపోళ్ళకి కోతులెట్లా తెలుస్తాయి.”

“దీనికి వేరే కరెంటు లైను ఉండాలి. షాకు కొట్టబోతే దానంతటదే పడిపోయే స్విచ్చు ఉండాలి. అది కాక, మొత్తం ఆపేసే పెద్ద స్విచ్చు ఇంకొకటి. తొట్టిలో ఉన్నవాళ్ళకి అది కనిపించాలి గానీ చేతికి అందకూడదు.”

ఆనందకుమారి వేళ్ళమధ్య బఠానీకాయ ఆగిపోయింది. “ఏదీ, మళ్ళీ చదువు.”

జెనీఫర్ మళ్ళీ చదివింది. కనిపించాలి, అందకూడదు.

స్టీవ్ చిన్నప్పుడు ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్లో గీజరు లేదు. ఇనప బకెట్‌లో రాడ్డు వేసి నీళ్ళు కాచేది. బాత్‌రూం వెంటిలేటర్లోంచి పలక అంత ఎండ పడేది. ఆ ఎండలో ఆవిరి సుడులు తిరుగుతుంటే, ఒంటినిండా ఆవనూనెతో వణుకుతూ నిలబడ్డ స్టీవ్ ఆ సుడుల్ని గుప్పిట్లో పట్టుకోబోయేవాడు. రాడ్డు పైకి తీసినా ఆమెకి నమ్మకం కుదిరేది కాదు. స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గుని పిడికిట్లో బిగించి, వాకిలికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాకే పిలిచేది. “ప్లగ్గు నా చేతిలో ఉందిరా. రా.” ఆ మాట వినపడేదాకా పిల్లాడు చెంబు ముట్టుకునేవాడు కాదు. పై క్వార్టర్లో సర్దార్జీగారి చిన్నమ్మాయి ఒక చలికాలం పొద్దున, నీళ్ళు కాగాయో లేదో అని బకెట్‌లో వేలుపెట్టి చూసింది. ఆ పిల్లని మెట్లమీంచి దింపుతుంటే సగం అల్లిన జడ గాలిలో ఊగడం ఆనందకుమారి తన తలుపు సందులోంచి చూసింది. ఆ తర్వాత ఎవరెంత నవ్వినా ఆమె ప్లగ్గు వదల్లేదు. యేసుదానం ఆఫీసు బస్సు తప్పిపోతుందని అరుస్తున్నా, ప్లగ్గు పిడికిట్లోకి వచ్చాకే “ఊఁ, పోసుకోండి” అనేది. అందరివీ అయ్యాక బకెట్ అడుగున మిగిలిన చల్లారిన నీళ్ళు ఆమెవి. మళ్ళీ కాచుకోకూడదూ అనేవాడు యేసుదానం. ఎందుకో కాచుకునేది కాదు.

“అత్తయ్యా, బఠానీలు కిందపడుతున్నాయి,” అంది జెనీఫర్.

శుక్రవారం మధ్యాహ్నానికి పొగమంచు విడిపోయి ఎండ కాసింది. బట్టలు తీయడానికి టెర్రస్ మీదికి వెళ్ళిన ఆనందకుమారి, మూల దగ్గర సుద్దతో గీసిన చదరం చూసి ఆగిపోయింది. కంపెనీ కుర్రవాడు వచ్చి తొట్టి ఎక్కడ కూర్చుంటుందో గుర్తుపెట్టి పోయాడన్నమాట. మంచి చోటే ఎంచాడు. ఇంటి మొత్తానికి చలికాలంలో రోజంతా ఎండ పడే మూల అది ఒక్కటే. పిట్టగోడ మీంచి చూస్తే పార్కు, అవతల వేపచెట్లు. చెప్పులు విడిచి గీతల మధ్య నిలబడింది. అరికాళ్ళకి వెచ్చగా తగిలింది. జెనీఫర్ ఇక్కడ నీళ్ళలో మెడదాకా కూర్చుంటే ఎలా ఉంటుందో అనుకుంటే ఒక్క క్షణం ఏ భయమూ గుర్తు రాలేదు.

ఆ మూలనే బట్టలతాడు కట్టే ఇనప గుంజ ఉంది. ఏటా వానలకి తుప్పు కారి, గుంజ మొదలు నుంచి బయటి గోడమీదుగా కిందికి ఎర్రటి చార దిగింది. ఆమె తువ్వాళ్ళు భుజాన వేసుకుని, ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి చిన్న సీసాలో పెట్టుకుని కింది అంతస్తుకి దిగింది.

కింది వాటా యజమాని దుబాయిలో ఉంటాడు. అందులో అద్దెకుండే భానుశ్రీది శ్రీకాకుళం దగ్గర పల్లె. భర్త సిపాయి, ఎక్కడో లద్దాఖ్ మంచుల్లో ఉన్నాడు. ఏడెనిమిది నెలల పాపతో ఒక్కతే ఉంటుంది.

“రండాంటీ, రండి. ఇప్పుడే పడుకుందండి చిన్ని. నెమ్మదిగా రండి.”

చివరి గదిలో పాత నూలుచీర ఉయ్యాల. కప్పుకి బిగించిన కొక్కెం నుంచి దిగి, కిటికీలోంచి పడుతున్న ఎండలో నిండుగా వేలాడుతోంది. లోపల నుంచి చిన్న పిడికిలి ఒకటి బయటికి వచ్చి ఉంది.

“ఈ గదిలోనే కట్టావే ఉయ్యాల?”

“ఎండ ఇక్కడికే కదాంటీ వస్తాది. హీటరెయ్యాలంటే నాకు బయ్యం.”

ఆనందకుమారి కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి తొంగిచూసింది. కిటికీ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఆ ఎర్రటి తుప్పు చార. తల తిప్పి కప్పుకేసి చూసింది. కొక్కెం చుట్టూ రొట్టె అంత మేర నల్లటి చెమ్మ.

“ఏటాంటీ, అలా చూస్తన్నారు?”

“ఈ చెమ్మ ఎప్పట్నుంచీ?”

“వానలప్పట్నుంచీనండి. ఓనరుకి ఫోన్ చేస్తే, పెయింటేయించుకో అన్నాడు.”

“పైన మేం ఏం పెడుతున్నామో నీకెవరన్నా చెప్పారా?”

“లేదే. ఏటి పెడతన్నారు, సోలారా?”

ఆనందకుమారి ఉయ్యాలవైపు చెయ్యి చాపింది. ఉయ్యాలలోంచి బయటికొచ్చిన పిడికిలి ఆమె చూపుడువేలిని పట్టుకుంది. పచ్చడి సీసా ఇవ్వడం మరిచిపోయి, వేలు విడిపించుకుని, సీసాతో సహా పైకి వచ్చేసింది.

స్టీవ్ బూట్లు విప్పకముందే మొదలుపెట్టింది. “ఆ మూల కింద పాప ఉయ్యాల ఉందిరా.”

“కిస్‌కా?”

“భానుశ్రీ పాపది. సరిగ్గా దాని కిందే. నీళ్ళు నింపి మనుషులు దిగితే ఎంత బరువు?”

“హజార్, బారహ్ సౌ కిలో. ఇట్స్ నథింగ్. ఓనర్ కా ఎన్‌ఓసీ వాట్సాప్ పే ఆ గయా. సొసైటీ నే భీ హా బోల్ దియా.” వెయ్యి, పన్నెండువందల కిలోలు ఒక బరువే కాదట, అభ్యంతరం లేదని ఓనరు రాసిచ్చాడట, సొసైటీ కూడా సరేనందట.

“ఓనరు దుబాయిలో పడుకుంటాడు. దీని కింద పడుకునేది ఆ పిల్ల. ఆ పిల్లని అడిగారా?”

“టెనెంట్ సే కౌన్ పూఛ్‌తా హై మమ్మీ? రూల్ మే హీ నహీ హై.”

“రూల్లో లేకపోతే ఆ పిల్లకి నెత్తి కూడా లేదా?”

స్టీవ్ బూటు నేలకేసి కొట్టినట్టు పెట్టాడు. ప్రతిదానికీ ఇదే. స్కూలు పిక్నిక్కి పంపలేదు, సైకిలు కొననివ్వలేదు, ఇప్పుడు ఇది. హిందీలో గబగబా అన్నీ అనేసి, చివరికి తలెత్తాడు. “జెనీ కా దర్ద్ నహీ దిఖ్‌తా ఆప్‌కో?”

జెనీ నొప్పి నీకు కనపడదా. పొద్దున తొడిగిన సాక్సులు సాయంత్రం విప్పేది కూడా ఆమే.

“స్టీవ్!” లోపలి గదిలోంచి జెనీఫర్ గొంతు. “ఇంకొక్క మాట అన్నావంటే నీ తొట్టీ వద్దు, నువ్వూ వద్దు.”

ఆనందకుమారి వంటగదిలోకి వెళ్ళింది. అన్నాలు వడ్డించింది. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ఒకసారి కోడలి నడుం, ఒకసారి ఆ కొక్కెం. దేవుణ్ణి రెండూ ఒకేసారి ఎలా అడగాలో తెలియక ఆమేన్ ఒక్కటే అని లేచింది.

శనివారం త్యాగీ మఫ్లరు చుట్టుకుని, చంకలో సంచితో వచ్చాడు. సోఫాలో కూర్చుని, అల్లం టీ బాగుందని మెచ్చుకుని, ముందే టైపు చేయించి తెచ్చిన కాగితం బల్లమీద పరిచాడు. స్టాంపుని ఇంకు దిండుకి అద్దాడు. గట్టిగా నొక్కాడు. దానికింద సంతకం గీకాడు. “మాతాజీ, ఆప్ యహా.”

ఆనందకుమారి పెన్ను పట్టుకుంది. “ఊపర్ నహీ దేఖా?”

“ఫోటో దేఖ్ లియా. లెంటర్ మజ్‌బూత్ హై. ఏక్‌దమ్.”

లెంటర్ అంటే శ్లాబు. శ్లాబు గట్టిదట, ఫోటోలో చూశాడట. ఆమె పెన్ను బల్లమీద పెట్టి, “ఏక్ మినిట్” అని లేచింది. తలుపు తీసుకుని మెట్లు దిగింది. స్టీవ్, మా అమ్మ కొంచెం భయస్తురాలు అన్నట్టు త్యాగీకి నవ్వి చూపించాడు. త్యాగీ కూడా నవ్వి, బిస్కెట్టు టీలో ముంచాడు.

ఆమె ఒక్కతే రాలేదు. చంకలో ఉన్నిటోపీ పెట్టిన పాప, వెనకాల నైటీ మీద శాలువా కప్పుకుని, ఏం జరుగుతోందో తెలియని భానుశ్రీ. ఆనందకుమారి తిన్నగా వెళ్ళి పాపని త్యాగీ ఒళ్ళో కూర్చోబెట్టింది. ఆయన బిస్కెట్టు చేతిలో అలాగే ఉండిపోయింది.

“యే బచ్చీ ఉస్‌కా నీచే సోతా హై,” అంది తన హిందీలో. “ఆప్ ఇస్‌కో బోలో, లెంటర్ మజ్‌బూత్ హై. ఫిర్ మై సైన్ కరేగా.” దాని కింద పడుకునే ఈ పాపకే చెప్పాలట శ్లాబు గట్టిదని, అప్పుడే తన సంతకం.

పాప త్యాగీ మఫ్లరు కొస పట్టుకుని నోట్లోకి లాక్కుంది. స్టీవ్ ముఖం కందిపోయింది. “క్యా తమాషా హై మమ్మీ…”

“బాబుగారూ,” అంది భానుశ్రీ స్టీవ్‌కేసి చూస్తూ. “ఏటిదంతా? మా ఉయ్యాల మీదేనేటి పెడతన్నారు?”

స్టీవ్ బల్లమీది కాగితంకేసి తల దించాడు. త్యాగీ పాప నోట్లోంచి మఫ్లరు కొస మెల్లగా తీశాడు. తను వేసిన స్టాంపుకేసి చూశాడు. ఇంకు ఇంకా తడిగానే ఉంది.

“చలియే,” అన్నాడు పాపని ఎత్తుకునే లేచి. “ఊపర్ చల్‌తే హై.”

పైన సుద్దగీతల దగ్గర పాపని తల్లికిచ్చి, పిట్టగోడ మీద వంగి చాలాసేపు కిందికి చూశాడు. పిల్లర్లు అక్కడెక్కడో లోపలే ఆగిపోయాయి. ఈ మూల మొత్తం, కట్టినవాడు గదులు పెద్దవిగా కనిపించాలని వీధిమీదికి లాగిన ఛజ్జా, కింద ఆధారం లేని చూరు. బాల్కనీ చుట్టూ గోడలు లేపి గది అన్నారు. తర్వాత కిందికి దిగి ఆ గదిలో కుర్చీ ఎక్కి, కొక్కెం పక్క చెమ్మని బొటనవేలితో నొక్కాడు. గార రాలి ఉయ్యాల చీరమీద పడింది. భానుశ్రీ ఒక్క అడుగు వెనక్కి వేసి పాప తలని భుజానికి అదుముకుంది.

త్యాగీ పైకొచ్చి కాగితాన్ని నిలువునా చింపాడు. ఆ మూల మీద నీళ్ళ డ్రమ్ము కూడా వద్దన్నాడు. మెట్లగది గోడ పక్కన, కింద బీము ఉన్నచోట ఇద్దరు పట్టే చిన్న తొట్టి పెట్టుకోవచ్చు, అదీ తను కొలతలు తీసి లెక్క వేశాక. ముందు ఈ చెమ్మ బాగుచేయించాలి. అప్పుడే స్టాంపు. రెండో టీ అక్కర్లేదని సంచి సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర మఫ్లరు బిగించుకుని దిగిపోయాడు.

స్టీవ్ మళ్ళీ టెర్రస్ మీదికి వెళ్ళాడు. బట్టలు ఆరేయడానికి వెళ్ళిన ఆనందకుమారికి, తుప్పు గుంజ పట్టుకుని వంగి కిందికిటికీకేసి చూస్తూ కనిపించాడు. ఆమె అలికిడి చేయకుండా తడిబట్టల బకెట్‌తో వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత చాలా రోజులు స్టీవ్ తల్లితో ఎక్కువ మాట్లాడలేదు. అయితే ఆ మూల పగలగొట్టి నీరు దిగకుండా మందు వేస్తున్నంతసేపూ సెలవు పెట్టి ఎండలో నిలబడ్డాడు. సొసైటీకి పంపే కొత్త దరఖాస్తులో అద్దెకున్నవాళ్ళ సంతకానికి చోటు లేకపోతే, అడుగున తనే ఒక గీత గీసి, కిందికి తీసుకెళ్ళి భానుశ్రీ చేత సంతకం పెట్టించుకొచ్చాడు. వైర్లు లాగే మనిషి వెనకాల ఆనందకుమారి గరిట పట్టుకునే తిరిగింది. ఎర్తు వేశావా, పడిపోయే స్విచ్చు ఏది, పడేసి చూపించు. అతను బటను నొక్కితే అది టక్కుమని పడింది. ఇంకోసారి అంది. ఇంకోసారి పడింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, జెనీఫర్ మొదటిసారి తొట్టిలో దిగింది. అక్కడ ఎండ లేదు, పార్కూ కనపడదు. ఎదురుగా నల్లటి నీళ్ళ ట్యాంకులు, పక్కింటివాళ్ళ పావురాల గూడు. అయినా నీళ్ళు మెడదాకా వచ్చేసరికి జెనీఫర్ ముఖం విప్పారింది. ఇన్ని నెలల నుంచి బిగబట్టిన ఊపిరి వదిలి, ఒక మోకాలు పైకెత్తి దించింది. “అత్తయ్యా, నడుం ఉన్నట్టే తెలియడం లేదు.”

ఆనందకుమారి మెట్లగది గోడకి బిగించిన పెద్ద స్విచ్చు కింద పీట వేసుకుని, చెయ్యి దానిమీద వేసి కూర్చుంది. కళ్ళు తొట్టి మీంచి తిప్పడం లేదు. “నువ్వు మాట్లాడకు. కాళ్ళు ఆడించు.”

“మీరూ రండి.”

“నేనెందుకే?”

“ఒంటరిగా దిగకూడదని పుస్తకంలో ఉంది. మీరే రెండుసార్లు చదివించారు.”

“రెండుసార్లు చదివించింది స్విచ్చు గురించి.”

“ఏదైతేనేం. రూలు రూలే.”

“స్టీవ్ దిగుతాడు.”

“ఆయనకి జలుబు. మీ మోకాళ్ళు రాత్రంతా పీకుతున్నాయన్నారుగా, రండత్తయ్యా.”

“మరి నేను దిగితే ఇక్కడెవరుంటారు?” అంది ఆనందకుమారి.

మాట బయటికి వచ్చాక ఆమెకే కొత్తగా వినిపించింది. ఆర్.కె. పురం క్వార్టర్లో యేసుదానం ఆఫీసుకీ, పిల్లాడు బడికీ వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. బకెట్, రాడ్డు, ప్లగ్గు అన్నీ అక్కడే ఉండేవి. వాకిట్లో పీటమీద కూర్చునేవాళ్ళే లేరు. అందుకే కాచుకోలేదు.

తొట్టి మూత తుడుస్తున్న స్టీవ్ గుడ్డ పక్కన పడేశాడు. వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని పీటమీంచి లేపాడు. ఆ పీటమీద తను కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేటంత పొడుగు మనిషి. స్విచ్చు తిప్పాడు. తొట్టిలో బుడగలు ఆగాయి, మోటారు మూలుగు ఆగింది. మూతకి వేసే తాళం ఆ స్విచ్చుకి వేసి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని, ఆమెకి కనిపించేటట్టు పిడికిలి పైకెత్తాడు.

“బుడగలు పోయాయి కదా స్టీవ్!” అంది జెనీఫర్.

స్టీవ్ ఆమెకేసి చూడలేదు.

“అమ్మా,” అన్నాడు. మమ్మీ అనలేదు. “ప్లగ్గు నా చేతిలో ఉంది. రా.”

ఆనందకుమారి శాలువా తీసి మడిచి గట్టుమీద పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది. తర్వాత ఇంకోటి. వెచ్చదనం మోకాళ్ళకి, నడుముకి, భుజాలకి ఎక్కింది. జెనీఫర్ చెయ్యి చాపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. అవతల ఎండపడే మూలలో, తుప్పు గుంజకి కట్టిన తాడుమీద భానుశ్రీ ఆరేసిన చిన్న చిన్న చొక్కాలు ఊగుతున్నాయి.

“పట్టుకున్నావా?” అంది గోడకేసి చూస్తూ.

“పట్టుకున్నా.”

“వదలకు.”

“వదలను, కూర్చో.”

కాసేపటికి ఆమె గోడకేసి చూడడం మానేసి తల వెనక్కి వాల్చింది. చల్లారిన నీళ్ళే పోసుకున్న అలవాటుతో అరచెయ్యి నీళ్ళలో అటూ ఇటూ కదిపి చూసుకుంది. ఇంకా చల్లారలేదు.